కండెకి ఐదో వల

ఏలూరు, తాడేపల్లిగూడెం చూసి రావాలని ఎవరూ సంచీ సర్దుకుని బయల్దేరరు. పనుండి వెళ్తారు, పనవగానే బస్సు వెతుక్కుంటారు. నేనూ పనుండే వెళ్లాను. మూడో రోజున తిరిగొచ్చేసరికి మా సంఘం ఆడవాళ్లు ఏడుగురూ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఎవరేమన్నారు, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అని ఒక్కొక్కరూ మొదటి నుంచీ అడిగారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అందుకే రాస్తున్నాను. నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు వంకరగా ఉన్నా విషయం వంకరగా ఉండదు.

మాది కలిదిండి దగ్గర, చేపల చెరువుల మధ్య ఊరు. నా పేరు ఎస్తేరు. మా అమ్మా, వాళ్లమ్మా కొల్లేటి వలలు అల్లి బతికారు. మిషను వలలొచ్చి ఆ పని పోయింది. ఈమధ్య అదే పని ఇంకో దారిన తిరిగొచ్చింది. పై దేశాల్లో సముద్రం మధ్యలో గాలిమరలు పాతి కరెంటు తీస్తారట. ఆ మర కాలు దగ్గర ఇసకని నీళ్లు తవ్వేస్తాయి. తవ్వకుండా, కాలు చుట్టూ రాళ్లు నింపిన వలసంచులు దింపుతారు. ఆ వలలు చేత్తో అల్లే పని మా ఎనిమిదిమందికి దొరికింది. తాడు కంపెనీ వాళ్లదే, కండెల్లో చుట్టి పంపుతారు. ఒక్కో వల మూతికి చొక్కా గుండీ అంత బిళ్ళ కుట్టాలి. ఫోను దగ్గర పెడితే ఆ బిళ్ళ వల జాతకమంతా చెబుతుంది. ఏ కండె తాడు, ఎవరి చెయ్యి, ఏ రోజు, అన్నీ. అవన్నీ ఫోనులోకి ఎక్కించేది మా కోడలు సుజాత.

తాడేపల్లిగూడెం గోడౌను వాళ్లు మా వలలు ఇరవై ఆపేశారు. కండెకి నాలుగు వలలే వస్తాయి. మా ఫోనులో కండెకి ఐదు ఉన్నాయి. బయట దొరికే నాసి తాడు కలిపి ఉంటారు, ఫోనులో రాసిన మనిషి ఏలూరు ఆఫీసుకి వచ్చి సమాధానం చెప్పాలి, లేకపోతే ఆ మనిషిని తీసేస్తాం, మీ ఊరికి ఇక కండెలు పంపం అని కబురొచ్చింది. సుజాత రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఐదో వల ఎలా వచ్చిందో నాకు తెలుసు. అది నేను అల్లిందే. నాలుగు వలలయ్యాక కండెకి కొంత తాడు మిగులుతుంది. దాన్ని చెత్తలో వెయ్యమన్నారు. మూరెడు దారం పారెయ్యడం కూడా నా చేత కాని పని. నెలల తరబడి ఆ ముక్కలన్నీ పాత బియ్యం డబ్బాలో దాచాను. తర్వాత వాటిని ఒకదానికొకటి అతికి, కండెకి ఇంకో వల లెక్కన అల్లాను. అతుకు ముడిలో మునిగిపోయేలా వెయ్యడం మా అమ్మ నేర్పింది. "ఐదెలా వచ్చాయి అత్తయ్యగారూ?" అని సుజాత అడిగితే, "పొదుపుగా అల్లితే వస్తాయి" అన్నాను. ఆ పిల్ల నమ్మి, ఉన్నది ఉన్నట్టు ఐదనే రాసింది.

ఈ సంగతి తనకి చెప్పకుండానే, తోడొస్తానని బస్సెక్కాను.

కొల్లేరు మీదుగా

ఆడవాళ్లు ఇప్పుడు బస్సులో డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా అని వేసిన టికెట్టు ఇస్తారు. కండక్టరమ్మ వచ్చి, "కార్డు తియ్యండి మామ్మగారూ" అంది.

"నా మొహం చూస్తే ఆడదాన్నని తెలియట్లేదా?"

"నాకు తెలుస్తుందండి. మిషనుకి తెలియద్దూ?" అంది.

వెనక సీట్లో వాళ్లు నవ్వారు. నేను కార్డు తీశాను. నవ్వే ఓపిక లేదు. కైకలూరులో బస్సు మారేటప్పుడు ఎడమ కాలి చెప్పు పట్టీ తెగింది.

"కొత్తవి కొనుక్కోండి అత్తయ్యగారూ. నూట యాభైకి వస్తాయి."

"పట్టీ తెగితే చెప్పంతా మారుస్తారా?" అని, నడుం దగ్గర సంచిలోంచి వలల నల్లతాడు ముక్క తీసి పట్టీని బిగించి కట్టాను. సుజాత ఆ తాడు కేసి ఒకసారి చూసింది. నాకు కాలు బరువెక్కింది.

వానలు వెనకబట్టాయి గానీ కొల్లేరు ఇంకా నిండుగానే ఉంది. రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు, గుర్రపుడెక్క, మధ్యమధ్య చెరువు గట్లు. పెదయెడ్లగాడి వంతెన దగ్గర గూడబాతులు బారులుగా కూర్చుని ఉన్నాయి. నా చిన్నప్పుడు ఈ దారి పడవ మీద వచ్చేవాళ్లం. అప్పుడూ నడుం నొప్పే, ఇప్పుడూ నడుం నొప్పే. సుజాత ఫోను ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో దాని అద్దం తుడుస్తూనే ఉంది. మచ్చ ఏదీ లేదు.

ఏలూరు మెట్లు

ఏలూరులో ఆ ఆఫీసు ఒక తివాచీల షెడ్డు మీద అంతస్తులో ఉంది. ఇరవైరెండు మెట్లు. పైకెక్కాక, "మేడం గారు గూడెం గోడౌనులో ఉన్నారండి, రేపు అక్కడికే వెళ్లండి" అని గుమస్తా తలెత్తకుండా చెప్పాడు. ఫోనులో అంత పని చేసే వాళ్లు ఈ ముక్క ఫోనులో చెప్పలేకపోయారు.

టిఫిను కొట్లో పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. మంచినీళ్ల సీసా ఇరవై. మా ఊళ్లో గుమ్మంలో నిలబడితే చాలు, నీళ్లూ మజ్జిగా ఉత్తినే ఇస్తారు. అరవై పెట్టబుద్ధి కాలేదు. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న అన్నం, చేపల పులుసు విప్పి ఆ మెట్ల మీదే కూర్చున్నాం.

"మెట్ల మీద తింటారేంటండీ! లోపలికి రండి, ఫ్యానుంది" అని కింద షెడ్డులోంచి ఒకావిడ పిలిచింది. పేరు ఫాతిమాబీ. ఇంచుమించు నా ఈడే. మగ్గం ముందు చెక్క మీద కూర్చుని, ఉన్ని ముడి వేసి, కత్తితో టక్కున కోసి, మళ్లీ ముడి వేస్తోంది. ఆవిడ గిన్నెలో గోంగూర మాంసం ఉంది. సగం మా ఆకులో పెట్టింది. నేను చేప ముక్కలు రెండు ఆవిడ గిన్నెలో వేశాను.

"కొల్లేటి చేపేనా?"

"చెరువు చేపండి. కొల్లేటి చేప మాకే దొరకట్లేదు."

ఆవిడ వేళ్లు చూశాను. నా వేళ్లలాగే చివర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మగ్గం కింద గోనెసంచిలో రంగురంగుల ఉన్ని ముక్కలున్నాయి.

"ఆ మిగులు ఏం చేస్తారండీ?"

"దిండ్లలోకి."

"తివాచీలోకి కలుపుకోవచ్చుగా? అంత మంచి ఉన్ని!"

ఫాతిమాబీ చెయ్యి ఆపింది. తను కూర్చున్న చెక్క మీద మడతపెట్టి వేసుకున్న పాత తివాచీని తీసి, గుమ్మంలో ఎండలో పరిచింది. ఎర్రటి తివాచీ. మధ్యలో జానెడు మేర ఇటుక రంగు చార, ఎవరో తడిగుడ్డతో గీసినట్టు.

"కొత్తలో ఇది కనబడలేదండి. ఉన్ని ముంచే తొట్టి తొట్టికీ రంగు వేరు. ఆ రోజున కంటికి తెలియదు, ఎండ తగిలాక బయటపడుద్ది. కొన్నాయన నాలుగేళ్లకి తెచ్చి ఇదిగో, ఈ గుమ్మంలోనే పడేశాడు. యజమాని నన్ను ఆర్నెల్లు మగ్గం మీద కూర్చోనివ్వలేదు."

"మీరే కలిపారా?"

"ముడి వేసింది నేనే. ఉన్ని దాచి దాచి ఇచ్చింది మా అత్తగారు."

"ఆ మాట చెప్పలేదా యజమానికి?"

"లేదండి. ఆవిడే చెబుతుందేమోనని చూశాను."

"చెప్పిందా?"

"లేదు." ఫాతిమాబీ తివాచీ మడతపెట్టి మళ్లీ దాని మీదే కూర్చుంది. "మంచి మనిషే, పాపం. వంట బాగా చేసేది."

సుజాత అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లి ఉంది. ఈ మాటలేవీ వినలేదు. ఆ రాత్రి ఫాతిమాబీ తన ఇంట్లోనే మాకు చాప వేసింది. నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చాప మంచిదే.

భీమడోలు దాకా నిలబడి

పొద్దున్న పాసింజరు బండిలో కాలు పెట్టే చోటు లేదు. భీమడోలులో కొంతమంది దిగాక సుజాత ఎవరినో బతిమాలి నాకు సీటు సంపాదించింది. తను మాత్రం పై కమ్మీ పట్టుకుని నా ముందు నిలబడింది.

"అత్తయ్యగారూ, నేనొకటి అనుకున్నానండి. నేనే తప్పు రాశానని చెప్పేస్తాను. నన్ను తీసేస్తే తీసెయ్యనివ్వండి. మీ ఎనిమిదిమందికీ పని ఉంటే చాలు."

"నువ్వు రాసింది తప్పా?"

"కాదండి. ఐదు వలలున్నాయి, ఐదని రాశాను. కానీ వాళ్లకి ఎవరో ఒకరు తప్పు చేసినట్టు కావాలి కదండీ."

ఇంటర్ చదివి, పెళ్లయి వచ్చాక పదేళ్లు నా వెనకాలే అంట్లు తోమిన పిల్ల. ఈ ఫోను పని వచ్చాకే నలుగురిలో తల ఎత్తి మాట్లాడుతోంది. సంఘం ఆడవాళ్లు "సుజాత గారూ" అని పిలుస్తున్నారు. అది విన్నప్పుడల్లా నాకు కొంచెం ఒళ్లు మండేది. ఇప్పుడది పోతుందని తనే ఇంత తేలిగ్గా అనేసరికి, ఐదో వల సంగతి చెబుదామని నోరు తెరిచాను. జామకాయల గంప ఒకటి మా ఇద్దరి మధ్యలోకి వచ్చింది. "పదికి రెండండి, పదికి రెండు!" గంప వెళ్లేసరికి తెరిచిన నోరు మూసుకుంది. కాయలు కొన్నాను. వగరు.

గూడెంలో

తాడేపల్లిగూడెంలో దిగగానే ఉల్లిపాయల వాసన. లారీల నిండా బస్తాలు, రోడ్డంతా పొట్టు. ఏలూరులో మనుషులు మెల్లిగా నడుస్తారు, ఇక్కడ నడిచేవాళ్లు కూడా లారీలాగే హారను కొట్టినట్టు "జరగండి జరగండి" అంటారు. టీ పది రూపాయలు, గ్లాసు బొటనవేలంత. గోడౌను ఊరి చివర. రెండు మైళ్లు నడిచాం. ఆటో వాడు ఎనభై అన్నాడు మరి.

లోపల మా ఇరవై వలలూ ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి. వాటి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు, ఏదో చావు జరిగినట్టు. సూపర్‌వైజరు ప్రసాదు గారు కుర్చీలో వెనక్కి వాలి, సుజాతని నిలబెట్టే మాట్లాడాడు.

"ఏమ్మా, మీ ఊళ్లో తాడు పిల్లలు పెడుతుందా? నాలుగొచ్చే చోట ఐదొచ్చాయి!"

"నేను చూసింది చూసినట్టు రాశానండి."

"చూసింది రాస్తే సరిపోద్దా? ఆ ఐదోది ఎక్కడి తాడు? సంతలో కొన్నారా?" అంటూ కిందకి చూశాడు. నా చెప్పు కనబడింది. లేచి, వంగి మరీ చూశాడు. "ఇదిగో! ఇది మా తాడే. ఒక పక్క బయట తాడు లోపలికి, ఇంకో పక్క మా తాడు బయటికి! భలే నడుపుతున్నావమ్మా వ్యాపారం!"

సుజాత నా కాలి వైపు చూసింది, తర్వాత నేల వైపు చూసింది. "ఆ ముక్క నేనే ఇచ్చానండి ఆవిడకి" అంది.

ఆ మాటతో నాకు ఏలూరులో చూసిన చార కళ్ల ముందు పడింది.

"తనివ్వలేదు" అన్నాను. "ఆ తాడు దాచింది నేను. ఆ ఐదో వల అల్లింది నేను. పారెయ్యమన్న ముక్కలన్నీ అతికి అల్లాను. ఎలా వచ్చిందని కోడలు అడిగితే అబద్ధం చెప్పాను. బయట తాడు గజం కూడా లేదు. ఇంతే. ఇక నన్ను అడగండి ఏం అడుగుతారో. ముందు ఆ కుర్చీ ఇటు వెయ్యండి, నిలబడలేను."

ప్రసాదు గారు నిజంగానే కుర్చీ వేశాడు. సుజాత ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

గుమస్తా చెప్పిన మేడం, వలలు పరీక్ష చేసే లావణ్య అనే అమ్మాయి, లోపలి గదిలోంచి వచ్చింది. చింతలపూడి వాళ్ల పిల్ల, వాళ్ల నాన్నకి పామాయిలు తోట. గొంతు పెంచదు.

"మామ్మగారూ, తాడు మాదే అయినప్పుడు తప్పేంటని మీకు అనిపిస్తుంది కదండీ?"

"నిన్నటిదాకా అనిపించింది."

"సముద్రం అడుగున ఒక సంచి తెగిందనుకోండి. బిళ్ళ చూసి అది ఏ కండెదో తెలుసుకుంటాం. ఆ కండె తాడే బాగోలేదని తేలితే, దాంతో అల్లినవన్నీ ఏ మర కింద ఉన్నాయో వెతికి మార్చేస్తాం. మీరు అల్లిన దాంట్లో పది కండెల ముక్కలుంటే, ఏది వెతకాలండీ?"

"ఎండ తగిలాక గానీ బయటపడదు" అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

"పద్ధతి ప్రకారం ఇరవైకి ఇరవై కోసెయ్యాలండి. ఏది మంచిదో ఏది కాదో మాకు తెలియదు కాబట్టి."

"నాకు తెలుసు. నా అతుకు నాకు తెలియదా?"

ప్రసాదు గారు మూతి విరిచాడు. లావణ్య మాత్రం రిబ్బను విప్పింది.

గుమ్మం దగ్గర వెలుతురులో

మంచమంత వల ఒక్కోటి. గోడౌను గుమ్మంలో గోనె పరుచుకుని, కన్ను కన్నూ తడిమి చూడటం మొదలుపెట్టాను. అతుకు ఉన్న ముడి మిగతా ముడుల కంటే వేలికి ఒక నలక లావుగా తగులుతుంది. సుజాత అటు పక్క కూర్చుని వల లాగి పట్టింది. మధ్యాహ్నానికి ఎవరో పకోడీలు తెచ్చి పెట్టారు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయ పకోడీ గురించి జనం గొప్పగా చెబుతారు. నాకు నూనె తప్ప రుచి తెలియలేదు.

నాలుగు తీసి పక్కన పెట్టాను. పదిహేడో వల చూస్తుండగా మూతి దగ్గర వేలు ఆగింది. ఒక్కటే అతుకు. ఎప్పుడు వేశానో గుర్తు లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ప్రసాదు గారు అప్పటికే ఆవలిస్తున్నాడు.

"ఇది కూడా" అన్నాను.

మిగిలిన పదిహేనులోంచి తనకి నచ్చిన మూడు లావణ్య తీసుకెళ్లి, లాగే మిషనుకి తగిలించింది. మిషను మూలిగింది గానీ వల తెగలేదు. ఆ అమ్మాయి ప్రసాదు గారి వైపు తిరిగి, "ఈవిడ నాలుగని రాసుంటే మనకి అసలు తెలిసేదే కాదండి. ఐదు చూసి ఐదని రాసే మనిషిని తీసేసి ఎవర్ని పెట్టుకుంటాం?" అంది. ఆయన గొంతు సవరించుకుని, టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

ఐదు వలలూ కోసెయ్యాలన్నారు. వేడి కత్తి నేనే అడిగి తీసుకున్నాను. కోసిన ముక్కలు చూసి నోరు ఊరుకోక అడిగాను, చిక్కుడు పాదుకైనా పనికొస్తాయి, ఇస్తారా అని. "ఇవ్వకూడదండి" అంది లావణ్య. అడగడం కూడా తప్పేనని అప్పుడు తట్టింది. చెప్పు పట్టీ తాడు కూడా విప్పి ఆ గుట్టలో వేశాను.

"ఇంకొకటుందండీ మామ్మగారూ. మీ పేరు మూడు నెలలు ఆపాలి. ఆ పేరు మీద వల తీసుకోం. ఆపాల్సింది నేను కాదు, ఊళ్లో పేరు ఎక్కించిన వాళ్లే."

సుజాత ఫోను తెరిచింది. వేలు అద్దానికి దగ్గరగా పెట్టి ఆగిపోయింది.

"నొక్కమ్మా."

"మీ పేరు మీద ఎర్రగీత పడుద్ది అత్తయ్యగారూ."

"పడనీ. చూసి బాధపడేంత బాగా లేవులే నా కళ్లు."

నొక్కింది. తర్వాత లేచి వెళ్లి నా చెప్పు తెచ్చి, తన జుట్టు బ్యాండు తీసి పట్టీకి చుట్టింది. ఎర్రది, పువ్వు కూడా ఉంది. అలాగే వేసుకుని బయటికి నడిచాను. స్టేషనుకి ఈసారి ఆటో ఎక్కుదామని తను అంటే కాదనలేదు. అరవైకి బేరమాడింది, నా కంటే నయం.

ఇల్లు

తిరుగు దారి గురించి రాయడానికేమీ లేదు. ఆ రాత్రి స్టేషను హాల్లో కునికి, పొద్దున్నే బయల్దేరాం. కొల్లేరు దాటేటప్పుడు సుజాత నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోరు తెరుచుకుంది. కండక్టరు కార్డులడిగితే రెండూ నేనే చూపించాను.

ఇంటికి రాగానే బియ్యం డబ్బా తీసి నేల మీద బోర్లించాను. వలల్లోకి పోగా నేను దాచిన ప్రతి ముక్కా అందులోనే ఉంది. సుజాత వాటిని తూచి, ఫోటో తీసి, మూట కట్టి గోడౌను వ్యానులో పంపేసింది. ఇకనుంచి మిగులు ఇలాగే పోతుంది. ఏడుగురూ మళ్లీ అల్లుతున్నారు. నేను చావిట్లో కూర్చుని చూస్తున్నాను. వాళ్ల ముడులు వదులుగా ఉంటున్నాయి. చెబితే, "మీ పేరు ఆపేశారు కదండీ" అంటున్నారు.

నాలుగు రోజులు చూసి, సుజాత చెరువు మీద నుంచి పాత లాగుడువల ఒకటి మోసుకొచ్చి నా ముందు వేసింది. ఎండ్రకాయలు కొరికి ఎక్కడికక్కడ చిరిగి ఉంది.

"దీనికి బిళ్ళ లేదండి అత్తయ్యగారూ. ఎన్ని అతుకులేసుకుంటారో వేసుకోండి."

వెదురు సూది తీసుకుని వల ఒళ్లోకి లాక్కున్నాను. అలవాటుగా చెయ్యి నడుం దగ్గర సంచిలోకి వెళ్లింది. ఖాళీ. లేచి బియ్యం డబ్బా మూత తీశాను, అదీ ఖాళీ. ఇల్లంతా వెతికాను. పెళ్లయి ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి మొదటిసారి, అతుకు వెయ్యడానికి మూరెడు తాడు లేదు.